బార్బడోస్‌లో ఎక్కడ దిగాలి, ఏ బీచ్‌లో మునగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం బార్బడోస్ రెండుసార్లు వెళ్లాం, మొదటిసారి తప్పుగా, రెండోసారి సరిగ్గా. అప్పట్నుంచి తెలిసినవాళ్లలో ఎవరు టికెట్లు కొన్నా ఫోన్ మాకే వస్తోంది, ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెట్టేస్తున్నా. రూమ్ రేట్లు మాత్రం రాయట్లేదు, అవి సీజన్‌ని బట్టి డబుల్ అయిపోతుంటాయి, మీరే చూస్కోండి.

ముందు హోటల్ చూడాలా, బీచ్ చూడాలా?

రెండూ కాదండీ, ముందు సముద్రం చూడాలి. దీవి మొత్తం పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23, అంతే. కానీ ఈ చిన్న ముక్కకి పడమర పక్క కరీబియన్ సముద్రం, తూర్పు పక్క అట్లాంటిక్. పడమర నీళ్లు చెరువులా ఉంటాయి, తూర్పున కెరటం విరుచుకుపడుతూ ఉంటుంది, దక్షిణం ఈ రెండిటికీ మధ్యరకం. గాలి ఏడాదంతా తూర్పు నుంచే వీస్తుంది, అటు పక్క ఆఫ్రికా దాకా అడ్డం ఏమీ లేదు, అందుకే ఆ తేడా. మీరు పిల్లల్ని దింపాలా, సర్ఫింగ్ చేయాలా, ఊరికే కూర్చుని చూడాలా అన్నది తేల్చుకుంటే ఏ ఒడ్డో తేలిపోతుంది, ఒడ్డు తేలాక హోటల్ వెతకడం అరగంట పని.

తూర్పు వైపు బాత్‌షీబాలో ఇల్లు చవగ్గా కనిపిస్తోంది, వ్యూ కూడా అదిరింది, బుక్ చేసెయ్యమంటారా?

సరిగ్గా మేం చేసిన తప్పు ఇదే. ఫొటోలో వరండా, ఎదురుగా సముద్రం, మధ్యలో పుట్టగొడుగుల్లా నిలబడ్డ పెద్ద పెద్ద బండలు, చూసి పడిపోయాం. అక్కడికెళ్లాక మా నాన్న పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డుకి దిగి, ఓ పది నిమిషాలు నిలబడి, తిరిగొచ్చి "ఇది మన ఆర్కే బీచే కదరా, దీనికోసం ఇంత దూరం రావాలా" అన్నారు. ఆయన అన్నది నిజమే, వైజాగ్‌లో ఆర్కే బీచ్ దగ్గర ఎలాగైతే కాళ్లు తడుపుకుని వెనక్కి వచ్చేయాలో ఇక్కడా అంతే, లోపలికి లాగేస్తుంది. బాత్‌షీబాలో సూప్ బౌల్ అనే చోటికి ప్రపంచం నలుమూలల నుంచి సర్ఫింగ్ చేసేవాళ్లు వస్తారు, అంటే ఆ కెరటం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆటు సమయంలో బండల మధ్య చిన్న చిన్న మడుగులు ఏర్పడతాయి, వాటిల్లో కూర్చోవచ్చు, ఈత మాత్రం వద్దు. పైగా చీకటి పడితే చుట్టుపక్కల కొట్లు పెద్దగా ఉండవు, పాల ప్యాకెట్ కావాలన్నా కారు తియ్యాలి. నా లెక్కలో ఒక రోజు పొద్దున వెళ్లి, చూసి, భోంచేసి వచ్చేయాల్సిన చోటు అది, వారం ఉండే చోటు కాదు. సర్ఫర్లకీ, కథలు రాసుకునేవాళ్లకీ వేరే లెక్క అనుకోండి.

మరి ఎక్కడ దిగమంటారు?

దక్షిణ తీరం. హేస్టింగ్స్ నుంచి వర్తింగ్, సెయింట్ లారెన్స్ గ్యాప్ మీదుగా ఓస్టిన్స్ దాకా ఉన్న ఆ ముక్కలో ఎక్కడైనా పర్లేదు. ఎందుకంటే బస్సు రోడ్డు ఇంటి ముందే ఉంటుంది, సూపర్ మార్కెట్ ఉంటుంది, కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్లు బోలెడు, ఎయిర్‌పోర్ట్ పావుగంట ఇరవై నిమిషాల దూరం, బీచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి నడిచి వెళ్లేంత దగ్గర. గ్యాప్ అంటే రాత్రిపూట పాటలు, బార్లు, జనం, కుర్రాళ్లకి సూపర్, పసిపిల్లలు ఉన్నవాళ్లు గ్యాప్ నడిబొడ్డున తీసుకుంటే నిద్ర ఉండదు. పెద్దవాళ్లతో వెళ్తే హేస్టింగ్స్, రాక్లీ వైపు చూడండి, అక్కడ సముద్రం పక్కనే బోర్డ్‌వాక్ ఉంది, కిలోమీటరు పైనే ఉంటుంది, పొద్దున వాకింగ్‌కి మా అమ్మ రెండోసారి ట్రిప్‌లో ఒక్కరోజు కూడా మానలేదు. ఓస్టిన్స్ వైపు కొంచెం ఊరి వాతావరణం, జాలర్లు, చేపల మార్కెట్, నాకు అదే ఎక్కువ నచ్చింది.

పశ్చిమ తీరం అంత గొప్పది అంటారు కదా, అక్కడెందుకు వద్దు?

వద్దనట్లేదు, జేబు చూస్కోమంటున్నా. సెయింట్ జేమ్స్ వైపుని ప్లాటినమ్ కోస్ట్ అని ఊరికే అనలేదు, శాండీ లేన్ లాంటి హోటళ్లు ఉన్నది అక్కడే, ఖరీదైన విల్లాలన్నీ అక్కడే. నీళ్లు మాత్రం నిజంగా చెరువే, పొద్దున ఏడింటికి చూస్తే అల కూడా కనపడదు. హనీమూన్ జంటలు, లేదా నాలుగు కుటుంబాలు కలిసి ఒక విల్లా పంచుకునేవాళ్లు హోల్‌టౌన్ దగ్గర తీసుకోవచ్చు, 1627లో ఇంగ్లీషువాళ్లు మొదట స్థిరపడింది ఆ ఊళ్లోనే, నడిచేంత దూరంలో షాపులు రెస్టారెంట్లు ఉన్నాయి. ఇంకా పైకి వెళ్తే స్పైట్స్‌టౌన్, పాత ఊరు, కొంచెం నిద్రమత్తుగా, రేట్లు కొంచెం దయగా ఉంటాయి. సూర్యాస్తమయం మాత్రం పడమర ఒడ్డుదే, అందులో అనుమానం లేదు. సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర మధ్యలో దిగిపోతుంది, లేటుగా వెళ్తే మిస్ అవుతారు.

ఈత రానివాళ్లం, పిల్లలు కూడా ఉన్నారు, ఏ బీచ్ సేఫ్?

మనవాళ్లలో సగం మందికి ఈత రాదు కాబట్టి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కళ్లు మూసుకుని కార్లైల్ బే అనండి. రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌ని ఆనుకుని నెలవంకలా వంపు తిరిగిన ఒడ్డు అది, ఒక చివర పెబుల్స్, ఇంకో వైపు బ్రౌన్స్ అంటారు, నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. ఒకటే చిక్కు, పెద్ద క్రూజ్ షిప్ ఊళ్లోకి వచ్చిన రోజు ఆ జనమంతా అక్కడే దిగుతారు, ఆ రోజు పొద్దున్నే వెళ్లి పదికల్లా వచ్చేయండి.

రెండోది ఓస్టిన్స్ దగ్గర మయామీ బీచ్, అసలు పేరు ఎంటర్‌ప్రైజ్, అమెరికాలో ఉన్న దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ ఒకే చోట రెండు రకాల సముద్రం ఉంటుంది, రాళ్లకట్ట వల్ల ఒక పక్క పిల్లల కొలనులా ఉంటుంది, రెండో పక్క కెరటాలు. వెనకాల సరుగుడు చెట్ల నీడ, అచ్చం మన తీరంలో సరుగుడు తోటల్లో కూర్చున్నట్టే ఉంటుంది, మా నాన్న చాప కావాలని అడిగారు. దీవిలో ఒక్క బీచ్ చెప్పమంటే నేను ఇదే చెప్తా. రాక్లీలో ఉన్న అక్రా బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉంటారు, కెరటం ఓ మోస్తరు, పదేళ్లు దాటిన పిల్లలకి బాడీబోర్డ్ అద్దెకి తీసిస్తే సాయంత్రం దాకా బయటికి రారు. అట్లాంటిక్ వైపు తప్పకుండా నీళ్లలో దిగాలనుకుంటే బాత్ బీచ్ ఉంది, పగడపు దిబ్బ అడ్డం ఉండటంతో అలలు లోపలికి రావు.

ఒకవేళ లాగుడులో చిక్కుకుంటే దానికి ఎదురు ఈదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టు వదిలాక బయటికి రావాలి. ఎర్రజెండా ఉంటే దిగకండి, పక్కవాళ్లు దిగారు కదా అని కూడా దిగకండి.

తాబేళ్లతో ఈత నిజంగా చెయ్యొచ్చా, టూర్ కట్టాలా?

చెయ్యొచ్చు. కార్లైల్ బేలోనూ, పడమరన పెయిన్స్ బేలోనూ పచ్చ తాబేళ్లు తిరుగుతుంటాయి. కేటమరాన్ అనే జంట డొప్పల పడవ మీద తీసుకెళ్లే టూర్లు ఉన్నాయి, భోజనం గీజనం కలిపి అర పూట, బావుంటుంది గానీ ఒకేసారి నాలుగు పడవలు వచ్చి ఆగితే తాబేలు కంటే మనుషుల కాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. స్నార్కెల్ (ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి తీసుకునే గొట్టం), లైఫ్ జాకెట్ ఉంటే పొద్దున్నే మీరే ఒడ్డు నుంచి వెళ్లి చూడొచ్చు. కార్లైల్ బే అడుగున మునిగిపోయిన ఓడలు కూడా ఉన్నాయి, వాటిల్లో బెర్విన్ అనేది 1919లో మునిగింది, లోతు తక్కువ కాబట్టి పైనుంచి తేలుతూ చూసినా కనపడుతుంది, ఈత వచ్చినవాళ్లకి మాత్రమే సుమా.

తాబేళ్లని ముట్టుకోకండి, తిండి పెట్టకండి. ఇంకో జాతి, హాక్స్‌బిల్, ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతుంది, రాత్రిపూట ఇసుక మీద ఫోన్ లైట్లు వేసుకుని తిరిగితే గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు సముద్రం ఎటో తెలీక లైటు వైపు పాకుతాయి పాపం.

ఫొటోల కోసం ఏ బీచ్?

బాటమ్ బే. ఆగ్నేయం వైపు, చుట్టూ కొండచరియ, కింద తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, మెట్లు దిగి వెళ్లాలి. మేం వెళ్లినప్పుడు ఒడ్డు మీద మాతో కలిపి ఎనిమిది మంది. నీళ్లలోకి మాత్రం దిగకండి. దగ్గర్లోనే క్రేన్ బీచ్ ఉంది, ఇసుకకి లేత గులాబీ ఛాయ, కెరటాలు గట్టివి, పైన చరియ మీద ఉన్న హోటల్ 1887 నాటిది. ఇవి రెండూ, బాత్‌షీబా, ఉత్తర కొసన యానిమల్ ఫ్లవర్ కేవ్ కలిపి ఒకే రోజు కారులో చుట్టేయచ్చు, ఆ గుహలోంచి సముద్రం కనపడే కంత ఒకటి ఉంది, అందరి ఫొటోల్లో ఉండేది అదే.

పెద్ద హోటళ్ల ముందున్న బీచ్‌లో మనల్ని కూర్చోనిస్తారా?

నిక్షేపంగా. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ పబ్లిక్‌వే, ఎంత ఖరీదైన హోటల్ ముందయినా సరే ఇసుక అందరిదీ. చిక్కల్లా లోపలికి వెళ్లే దారి దొరకడమే, పడమర ఒడ్డున రెండు గోడల మధ్య సన్నటి సందులు ఉంటాయి, కళ్లు పెట్టి చూడాలి. కుర్చీలు, గొడుగులు మాత్రం వాళ్లవి, వాటికి అద్దె కట్టాలి. మేం ఒక చోట గొడుగు కింద నీడే కదా అని కూర్చుంటే అయిదు నిమిషాల్లో ఒకాయన వచ్చేశాడు, అప్పట్నుంచి సొంత దుప్పటి పట్టుకెళ్తున్నాం.

సముద్రపు నాచు కంపు కొడుతుందని విన్నాం, నిజమేనా?

కొన్నిసార్లు నిజం. సర్గాసమ్ అంటారు, 2011 నుంచి కరీబియన్ అంతా దీని బాధ ఉంది. గుట్టలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్లితే కుళ్లిన గుడ్డు వాసన. అది అట్లాంటిక్ నుంచి వస్తుంది కాబట్టి తూర్పు, ఆగ్నేయం ఎక్కువ దెబ్బ తింటాయి, దక్షిణానికి అప్పుడప్పుడు, పడమరకి చాలా తక్కువ. ఎండాకాలం నెలల్లో వెళ్తుంటే తూర్పు వైపు ముందే డబ్బులు కట్టెయ్యకపోవడానికి ఇదొక కారణం.

ఎప్పుడు వెళ్లాలి? తుఫాన్లు?

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ, రేట్లు ఎక్కువ. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్. ఈ దీవి మిగతా దీవుల వరసకి కొంచెం తూర్పుకి జరిగి ఉంటుంది, చాలా తుఫాన్లు పక్కనుంచి పోతాయి, అలాగని పూర్తిగా తప్పించుకోదు, 2021లో ఎల్సా తగిలింది. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 కప్పు గెలిచి, బెరిల్ తుఫాను దెబ్బకి ఎయిర్‌పోర్ట్ మూసేస్తే అక్కడే ఇరుక్కుపోయి జులై 4న గానీ ఢిల్లీ చేరలేదు, గుర్తుందా? ప్రపంచకప్పు గెలిచిన టీమ్‌కే అలా అయితే మన సంగతేంటి, కాబట్టి ఆ నెలల్లో వెళ్తే క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగ్, ట్రావెల్ ఇన్సూరెన్స్ రెండూ ఉండాలి. మా ఓటు మే నెలకి, జనం తగ్గుతారు, రేట్లు దిగుతాయి, తుఫాన్లు ఇంకా మొదలవ్వవు.

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా కావాలా?

బార్బడోస్‌కి టూరిస్టుగా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఎంట్రీ ఫామ్ నింపాలి, అంతే. కానీ ఇండియా నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. అమెరికా మీదుగా వెళ్తే అక్కడ ఫ్లైట్ మారడానికి కూడా అమెరికా వీసా ఉండాల్సిందే, లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ రూల్స్ ఒకసారి చదువుకోవాలి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, ఇది వేరే దేశం, తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ బతికి ఉండాలి. బీచ్ ధ్యాసలో ఇది మర్చిపోయి టికెట్లు కొని తర్వాత క్యాన్సిల్ చేసుకున్నవాళ్లు మా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు.

డబ్బుల సంగతి?

రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలర్. అమెరికా నోట్లు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు, చిల్లర మాత్రం వాళ్ల డాలర్లలో ఇస్తారు. ఎవరైనా "ఇరవై డాలర్లు" అంటే వెంటనే "బేజన్ డాలర్లా, యూఎస్ డాలర్లా" అని అడగండి, ట్యాక్సీ దగ్గర మరీనూ, ఎందుకంటే ట్యాక్సీలకి మీటర్లు ఉండవు, ఎక్కేముందే మాట్లాడుకోవాలి. బేజన్ అంటే బార్బడోస్‌ది, అక్కడివాళ్లు అన్నిటికీ ఈ మాటే వాడతారు.

కారు తీసుకోవాలా, బస్సులు చాలా?

దక్షిణ తీరంలో దిగితే బస్సులు చాలు, ఒకటి రెండు రోజులకి కారు తీసుకోండి. టికెట్ ఎంత దూరమైనా మూడున్నర బేజన్ డాలర్లు. నీలం రంగువి గవర్నమెంట్ బస్సులు, సరిపడా చిల్లర దగ్గర పెట్టుకోండి, తిరిగి ఇవ్వరు. పసుపువి ప్రైవేట్ మినీబస్సులు. ఇక తెల్లటి వ్యాన్లు ఉంటాయి, జెడ్ఆర్ అంటారు, మన షేర్ ఆటోకి అన్నయ్య అనుకోండి, పాటలు చెవులు బద్దలయ్యేలా, "ఇంకొకళ్లు, సర్దుకోండి" అని ఇరికిస్తూనే ఉంటారు, మా అమ్మకి భయం, మా అబ్బాయికి అది దీవిలోకెల్లా బెస్ట్ రైడ్. స్టాపుల మీద సిటీ వైపా, సిటీ నుంచి బయటికా అని రాసి ఉంటుంది, అది చూసి నిలబడాలి.

డ్రైవింగ్ ఎడమ పక్క. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి హాయి, అమెరికా నుంచి వెళ్లిన నాకు మొదటి రోజు చెమటలు, ప్రతి రౌండబౌట్ దగ్గరా నాన్న పక్కనుంచి "ఎడమ, ఎడమ" అంటూనే ఉన్నారు. విజిటర్ పర్మిట్ కావాలి, కారు ఇచ్చేవాళ్లే రాసిస్తారు.

వెజిటేరియన్లం, ఆల్ ఇన్‌క్లూజివ్ (రూమ్‌తో పాటు తిండి కూడా కలిపిన ప్యాకేజీ) తీసుకోవచ్చా?

నా అభిప్రాయం అడిగితే వద్దు. ముందే డబ్బంతా కట్టేసి రోజూ అదే పాస్తా, అదే సలాడ్, బయట తినాలంటే మనసొప్పదు. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని ఓ చిన్న కుక్కర్, పొడులు పట్టుకెళ్తే గొడవ లేదు, పచ్చళ్ల సంగతి కస్టమ్స్ రూల్స్ చూసుకోండి. బియ్యం, కూరగాయలు సూపర్ మార్కెట్‌లో దొరుకుతాయి, దిగుమతి సరుకు కాబట్టి రేటు మండిపోతుంది. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, పగడపు సున్నపురాయిలోంచి వడకట్టుకుని వచ్చే నీళ్లు. బయట తినాలంటే మాకరోనీ పై, ఇంకా రోటీ దొరుకుతుంది, ట్రినిడాడ్ భారతీయుల పుణ్యమా అని ఈ దీవులన్నిట్లో పాకిపోయింది, కూర లోపల పెట్టి చుట్టిస్తారు, మాంసం లేనిదే అని రెండుసార్లు అడగండి.

చేపలు తినేవాళ్లకి పండగే. శుక్రవారం రాత్రి ఓస్టిన్స్‌లో ఫిష్ ఫ్రై, కాల్చిన చేప, పాటలు, డాన్సు, లైను పెద్దది కాబట్టి ఏడు లోపే వెళ్లండి. మెనూలో డాల్ఫిన్ అని ఉంటే హడలిపోకండి, అది మాహి మాహి చేప. వాళ్ల జాతీయ వంటకం ఎగిరే చేపతో కూకూ. కూకూ అంటే మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి కెలికిన సంకటి, అంతే, ముద్ద చూడగానే నాన్న ఫోర్కు పక్కన పెట్టి చేత్తో లాగించేశారు.

ఇంకేమైనా జాగ్రత్తలు?

మంచినీల్ చెట్టు. పేరులో మంచి, నీళ్లు రెండూ ఉన్నట్టు వినపడుతుంది గానీ ఒళ్లంతా విషం. బీచ్ పక్కనే పెరుగుతుంది, చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు, తినకూడదు, ముట్టుకోకూడదు, వాన పడుతున్నప్పుడు దాని కింద నిలబడితే కారే నీళ్లకే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాలా చెట్లకి ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటుంది, పిల్లలకి మొదటి రోజే చూపించండి.

ఇంకోటి, మిలటరీ డిజైన్ బట్టలు అక్కడ చట్టప్రకారం నిషేధం, పిల్లల నిక్కరైనా సరే, బ్యాగులో పెట్టకండి. స్విమ్మింగ్ బట్టలతో ఊళ్లోకి, షాపుల్లోకి వెళ్తే చూపులు తేడాగా ఉంటాయి. దోమలకి క్రీము, ఎండకి సన్‌స్క్రీన్, మనం నల్లగానే ఉన్నాం కదా మాకెందుకు అన్నవాళ్ల వీపులు మూడో రోజుకి పొట్టు ఊడాయి. ప్లగ్గులు అమెరికా టైపు, 115 వోల్టులు.

బీచ్‌లు కాకుండా క్రికెట్ పిచ్చోళ్లకి ఏమైనా ఉందా?

కెన్సింగ్టన్ ఓవల్! బ్రిడ్జ్‌టౌన్‌లోనే. బయట ఇక్కడి క్రికెట్ దిగ్గజం గ్యారీ సోబర్స్ విగ్రహం. 2024 ఫైనల్లో సౌతాఫ్రికా మీద 7 పరుగులతో గెలిచింది ఇక్కడే, సూర్యకుమార్ ఆ క్యాచ్ పట్టిన బౌండరీ ఎటువైపో అని నాన్న, మా అబ్బాయి అరగంట వాదించుకున్నారు. నాన్నకి 1997లో ఇక్కడే వెస్టిండీస్‌తో ఆడిన టెస్టు కూడా గుర్తుంది, 120 కొడితే గెలుపు, మనం 81కి ఆలౌట్, అందులో ఎక్కువ కొట్టింది మన హైదరాబాద్ లక్ష్మణే, 19. ఓవల్ దగ్గరే పాప్ సింగర్ రిహన్నా పెరిగిన వీధి ఉంది, ఇప్పుడు దాని పేరే రిహన్నా డ్రైవ్, అది మా అమ్మాయి లిస్టులోది.

చివరి రోజు ఫ్లైట్ సాయంత్రం, రూమ్ పదకొండుకే ఖాళీ చెయ్యాలి, ఏం చేయమంటారు?

లగేజీ కాసేపు ఉంచుకోమని రూమ్ వాళ్లని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. మయామీ బీచ్ నుంచి ఎయిర్‌పోర్ట్ దగ్గర కాబట్టి చివరి మునక అక్కడే వేయండి, సరుగుడు నీడలో ఆరబెట్టుకుని బయల్దేరొచ్చు. తడి బట్టలకి ఒక కవర్ విడిగా పెట్టుకోండి, మేం పెట్టుకోలేదు, నాన్న తువ్వాలు తడిది తడిగానే మా ల్యాప్‌టాప్ బ్యాగులో న్యూజెర్సీ దాకా వచ్చింది.